మా బ్యాటరీకి నూటికి నూరు

మే 2, సాయంత్రం

బ్యాటరీ వచ్చేసింది! మెట్ల కింద గోడకి బిగించి వెళ్లారు. బీరువా తలుపంత తెల్లటి పెట్టె, మధ్యలో పచ్చ లైటు. డాబా మీద సోలార్ పలకలు కిందటేడే పెట్టించాను. ఇన్నాళ్లూ పగలు పుట్టిన కరెంట్ మేం వాడుకున్నది పోను వీధి లైన్లోకి పోయేది. ఇకమీదట పెట్టెలో దాక్కుంటుంది. రాత్రి మేం వాడుకుంటాం.

పక్కింటి చలపతిరావు గోడ మీంచి తొంగి చూశాడు. రెండు సినిమాలు తీసి, ఆ తర్వాత సలహాలు మాత్రమే ఇస్తున్న నిర్మాత.

"ఏంటి త్రినాథరావ్, కొత్త ఫ్రిజ్జా?"

ఒళ్లు మండింది. ఈ నెలాఖరుకి లైన్ కరెంట్ అక్కర్లేకుండా ఇల్లు నడిపి చూపిస్తానని అక్కడికక్కడే చెప్పేశాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక మాట పైకి అన్నాక వెనక్కి తీసుకోలేం. సాయంత్రం వాకింగ్ అయ్యేసరికి అది ప్రెస్ మీట్ అయిపోతుంది.

సంకల్పం: సూర్యుడు ఇచ్చిన ప్రతి యూనిట్‌నీ పిండుకోవాలి. ఒక్కటి కూడా వృథా పోకూడదు!

మే 3

ఫోన్లో యాప్ వేసుకున్నాను. ఇంట్లో వాడిన కరెంట్‌లో మన సొంతం ఎంతో శాతంలో చూపిస్తుంది. ఇవాళ 71. మొదటి రోజుకే ఫస్ట్ క్లాస్!

రూల్స్ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను:

వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, మిక్సీ: ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే.
ఏసీ: రాత్రి పడుకునే ముందు కాసేపు. నిద్ర పట్టాక ఏసీ ఎందుకు, తెలుస్తుందా ఏమన్నా?
చార్జింగ్ ఇరవై శాతం కంటే కిందకి పోకూడదు. పోతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఆ గీత దగ్గర అదే ఆగిపోయేలా సెట్ చేశాను.

సుబ్బులు చదివింది. "ఏవండీ, మరి ఇడ్లీ పిండి రాత్రి కదా రుబ్బేది?" అంది. మా ఆవిడకి దూరదృష్టి తక్కువ.

మే 6

88! చలపతిరావుకి స్క్రీన్‌షాట్ పంపాను. చూశాడు, జవాబు లేదు. అసూయ.

ఇంకో వార్త కూడా ఉంది. సుబ్బులుకి వేషం వచ్చింది. ఇరవై ఏళ్లుగా పెళ్లి సీన్లలో మూడో వరుస, పట్టుచీర. ఇప్పటిదాకా తెర మీద పలికిన మొత్తం డైలాగులు రెండు: "అయ్యయ్యో", "ముహూర్తం దాటిపోతోంది". ఇప్పుడు విహారి అనే కుర్రాడు తీస్తున్న వెబ్ సిరీస్‌లో హీరో అక్క. రెండు పేజీల సీను! కాగితాలు పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లింది, చాలాసేపు బయటికి రాలేదు.

విహారికి ఒక ఇల్లు కావాలట. మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తాడట, తర్వాత డబ్బింగ్ ఉండదట. (నేను ముప్పై ఏళ్లుగా డబ్బింగ్ ఇన్‌చార్జ్‌ని. తెలుగు రానివాళ్ల చేత తెలుగు పలికిస్తాను, వచ్చినవాళ్ల చేత కూడా. నా ముందే ఈ మాట అన్నాడు, ధైర్యవంతుడు.) అందుకని జనరేటర్ చప్పుడు ఉండకూడదు.

"మా ఇంట్లో తియ్యి బాబూ. మొత్తం షూటింగ్ బ్యాటరీ మీద నడిపిద్దాం. చప్పుడు సున్నా!" అన్నాను.

"సూపర్ అంకుల్!" అన్నాడు విహారి.

సుబ్బులు మాత్రం నా వైపు అదోలా చూసింది.

మే 9

బ్యాటరీకి వేడి చేసింది. మెట్ల కింద గాలి ఆడటం లేదట, చార్జింగ్ నెమ్మదించింది. హాల్లో కూలర్ తెచ్చి దాని ముందు పెట్టాను. వెంటనే చల్లబడింది!

కూలర్ నడిచేది ఆ బ్యాటరీ మీదే అని సుబ్బులు గుర్తు చేసింది. అవసరం లేని వివరం.

"మే నెలలో నాకు లేని కూలర్ దానికా?" అంది. డైలాగులు ప్రాక్టీస్ చేస్తూ చేస్తూ మామూలు మాటలు కూడా క్లోజప్పులోనే మాట్లాడుతోంది.

ఇవాళ 74.

మే 13

63. కారణాలు నా చేతిలో లేవు:

నిన్న గాలివాన. పలకల నిండా దుమ్ము, వేపాకులు.
సగం రోజు మబ్బు.
రాత్రి ఏసీ తెల్లవార్లూ నడిచింది. వేసింది నేనే. ఉక్కపోతకి నా ఎఫిషియెన్సీ తగ్గిపోతే బ్యాటరీని ఎవరు చూసుకుంటారు? ఇది గృహావసరం కాదు, మెయింటెనెన్స్. లెక్కలోకి రాదు.

డాబా ఎక్కి పలకలు కడిగాను. కడగడానికి మోటారు వేసి ట్యాంకు నింపాల్సి వచ్చింది. అదీ మెయింటెనెన్సే.

మే 17

రేపే షూటింగ్. బ్యాటరీ నిండుగా ఉండాలి కాబట్టి పొద్దుట్నుంచి ఇంట్లో ఏదీ వెయ్యనివ్వలేదు. సుబ్బులు చెమటలు కక్కుతూ డైలాగ్ చెప్పుకుంటోంది. రెండో పేజీలో ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతోంది.

"కాస్త ఫ్యాన్ వెయ్యండీ, మాట గుర్తు రావట్లేదు."

"రేపటి నీ సీను కోసమే కదా ఆదా చేస్తున్నది?"

కాగితాలు సంచిలో పెట్టుకుంది. "మధురానగర్‌లో మా చెల్లి ఇంటికి వెళ్తున్నా. అక్కడ ఫ్యాన్లు తిరుగుతాయి" అని ఆటో ఎక్కింది.

పోనీలే, ఒక మనిషి వాడకం తగ్గింది. 91 శాతం!

మే 18, ఉదయం

చరిత్రాత్మక దినం! చలపతిరావు చూస్తుండగా మెయిన్ స్విచ్ దించేశాను. ఇక ఇంటికీ లైన్‌కీ సంబంధం లేదు. షూటింగ్ యూనిట్‌లో అందరికీ ఎర్రగడ్డ మార్కెట్లో కొన్న విసనకర్రలు పంచాను.

లైట్‌మన్ జంగయ్య విసనకర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది సార్ ఇది? ఫ్యాన్లు ఎందుకు బందు పెట్టిన్రు? పానం పోతున్నది."

"జర ఓర్చుకో జంగయ్యా. సాయంత్రం దాకా నడవాలి."

"యూసుఫ్‌గూడల మా ఇంట్ల కూడ గింత ఉడుకు లేదు సార్."

సుబ్బులు చెల్లి ఇంటి నుంచి వచ్చి, మేకప్ వేసుకుని కూర్చుంది. నేత చీర. నన్ను చూడలేదు.

మే 18, సాయంత్రం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎవరో కాస్ట్యూమ్ ఇస్త్రీ పెట్టె మా హాలు సాకెట్‌లో పెట్టారు, ఎవరో కాఫీ మెషిన్ పెట్టారు. సుబ్బులు సీను మొదలయ్యేసరికి బ్యాటరీలో మిగిలింది 24. హీరో ప్రేమ్ చంద్ టైం చూసుకుంటున్నాడు. వేరే సినిమా అవుట్‌డోర్‌కి సాయంత్రం ఫ్లైట్.

షాట్ మొదలైంది. సుబ్బులు మాట్లాడుతోంది. ఏం మాట్లాడిందో నాకు తెలీదు, నేను ఫోన్ చూస్తున్నాను. 23. 22. 21. ఇరవై దగ్గర ఆగిపోయేలా సెట్ చేసింది నేనే, ఇంకొక్క గీత దిగితే లైట్లన్నీ పోతాయి. మెయిన్ బోర్డు పక్కనే జంగయ్య నిలబడ్డాడు. మాటలు రికార్డవుతున్నాయి కాబట్టి గట్టిగా పిలవలేను. పిల్లిలా వెళ్లి చెవిలో అన్నాను:

"బ్యాకప్... బ్యాకప్!"

మెయిన్ ఎత్తు, లైన్ కరెంట్ తీసుకో అని నా ఉద్దేశం. జంగయ్య కళ్లు మెరిశాయి. తనూ గుసగుసగానే అడిగాడు. "బ్యాకప్పా సార్?" అని నాకు వినిపించింది. అవునని తల ఊపాను.

జంగయ్య తన లైటు ఆపేసి, గుమ్మం బయటికి నడిచి, గుండె నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

"ప్యాకప్!"

పొద్దుట్నుంచి విసురుకుంటున్న అరవై మంది ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. మెట్ల మీద ఒకడు అందుకున్నాడు, గేటు దగ్గర ఇంకొకడు, వీధిలో వ్యాన్ డ్రైవరు. ఈ ఫీల్డులో ప్యాకప్ అంటే ఆ రోజుకి షూటింగ్ అయిపోయినట్టే, ఎవరు చెప్పారని ఎవరూ అడగరు. హీరో కారు మొదట కదిలింది. విహారి పక్క గదిలో హెడ్‌ఫోన్స్ తీసి హాల్లోకి వచ్చేసరికి సగం వ్యాన్లు చెక్‌పోస్ట్ దాటేశాయి.

"అంకుల్, ఎవరు చెప్పారు?"

"డైరెక్టర్ సార్ చెప్పి పంపిండనుకున్న" అన్నాడు జంగయ్య, వైరు చుట్టుకుంటూ.

సుబ్బులు ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది.

"నావి ఇంకా నాలుగు మాటలు మిగిలున్నాయండీ" అంది.

మే 19

తప్పు జంగయ్యది కాదు. గుసగుసలో 'బ' పలకదు, 'ప' అయిపోతుంది. గొంతు మోగితేనే 'బ'. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు ఈ ముక్క నేనే కొన్ని వందల మందికి చెప్పాను. మనిషికి 'బ'కీ 'ప'కీ తేడా నేర్పి పొట్ట పోసుకున్నవాణ్ని.

విహారి ఫోన్ చేశాడు. ప్రేమ్ చంద్ డేట్లు మళ్లీ ఇప్పట్లో దొరకవట. "ఆంటీకి సారీ చెప్పండి అంకుల్. అక్క ఊరెళ్లిందని ఒక్క లైన్‌లో కవర్ చేసేస్తాం."

స్పీకర్‌లో ఉంది ఫోను. సుబ్బులు విన్నది. లేచి వెళ్లి ఇంట్లో ఉన్న స్విచ్‌లన్నీ వేసింది. రెండు ఏసీలు, అన్ని ఫ్యాన్లు, గీజరు, వరండా లైట్లు. చివరికి ఖాళీ మిక్సీ కూడా తిప్పింది. నేను ఒక్కటీ ఆపలేదు.

శాతం చూడలేదు.

మే 21

సుబ్బులు మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. పట్టుచీరలన్నీ తీసి ఎండలో వేసింది, మళ్లీ మడిచి లోపల పెట్టింది. మూడో వరుసకి తిరిగి వెళ్లడానికి సిద్ధపడుతోంది. అది చూసి తట్టుకోలేకపోయాను.

విహారి ఆఫీసుకి వెళ్లాను. నా అంత వయసువాడు బతిమాలితే కుర్రాళ్లు ఇబ్బంది పడతారు, అందుకే బాగా బతిమాలాను. హీరో లేకపోతేనేం, ఆంటీ క్లోజప్పులు మాత్రం తీసుకో, హీరో మాటలు కెమెరా పక్కన నిలబడి నేను అందిస్తా అన్నాను. క్యూ ఇవ్వడం నాకు కొత్తా?

"ఒక్క గంట అంకుల్. అంతే" అన్నాడు.

బయటికొచ్చాక తెలిసింది, యాప్‌లో నాలుగు నోటిఫికేషన్లు వచ్చి ఉన్నాయని. చదవకుండానే తుడిచేశాను.

మే 24

మెయిన్ స్విచ్ ఎత్తే ఉంచాను. ఇస్త్రీ పెట్టె, కాఫీ మెషిన్, ఎవరికి కావాల్సింది వాళ్లు పెట్టుకున్నారు. షాట్ దాకా ఏసీ నడిచింది. ఫోన్ ఆపేసి ఫ్రిజ్ మీద పెట్టాను. చలపతిరావు గోడ దగ్గర నిలబడి "లైన్ కరెంటేనా?" అన్నాడు. "లైన్ కరెంటే" అన్నాను.

కెమెరా పక్కన నిలబడ్డాను. సుబ్బులు చూపు సరిగ్గా నా మొహం మీద ఉండాలి, అదీ షాటు.

నా లైన్: "అక్కా, కాఫీ ఏది?"

"పెట్టలేదురా" అంది సుబ్బులు. "ఇరవై ఏళ్లు నీ టైం ప్రకారం లేచాను. నీ టైం ప్రకారం వండాను. నీకు నిద్ర పట్టాక పడుకున్నాను. ఇవాళ పొద్దున మెలకువ వచ్చింది. లేవాలనిపించలేదు. లేవకపోతే ఏమవుతుందా అని చూశాను. ఏమీ కాలేదు. ఎండ వచ్చింది, అంతే."

రెండు వారాలు ఇంట్లో ఈ మాటలు చెప్పుకుంటూ తిరిగింది. నేను మొదటిసారి విన్నాను.

తర్వాత నేను అనాల్సింది "కోపం వచ్చిందా అక్కా?" అని. ముప్పై ఏళ్లలో ఒక్క క్యూ కూడా తప్పలేదు, ఇది తప్పాను. విహారి కట్ చెప్పలేదు. సుబ్బులు నా కోసం ఆగింది. నా మాట ఇక రాదని అర్థమయ్యాక, తనే మెల్లగా అంది.

"నాకు ఆకలేస్తోంది. నువ్వు వడ్డించు."

కట్.

"అమ్మ మస్తు చేసింది సార్" అన్నాడు జంగయ్య. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత కంచం పెట్టాను, వడ్డించాను. మేకప్ తియ్యకుండానే కూర్చుని తిన్నది. పప్పులో ఉప్పు లేదంది. ఆరు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

మే 31

సుబ్బులు ఊళ్లో లేదు. ఆ సీను చూసి ఇంకో డైరెక్టరు పిలిచాడు. వికారాబాద్ దగ్గర షెడ్యూలు. ఇందులో కూడా పెళ్లి సీను ఉందట, కానీ ఈసారి పెళ్లి ఆపేది తనేనట!

పొద్దున యాప్ తెరిచాను. తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి. అభినందనలు! నూటికి నూరు శాతం!

నెలాఖరుకి సాధించాను. సుబ్బులు వెళ్లిన నాలుగు రోజుల నుంచి ఇంట్లో వాడకమే లేదు మరి. ఒక ఫ్యాను, ఒక లైటు, పెరుగన్నం. బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోయి ఊరికే కూర్చుంటోంది, నేనూ అంతే. చలపతిరావుకి చూపించాను. "అనుకున్నది సాధించావయ్యా" అని మెచ్చుకున్నాడు. నాకు ఏమీ అనిపించలేదు.

సాయంత్రం సుబ్బులు ఫోన్ చేసింది. వెనకాల జనరేటరు హోరు, ఎవరో "మేడమ్, షాట్ రెడీ" అంటున్నారు. మేడమ్!

"ఎంతుందండీ మీ శాతం?"

"నూరు."

"అయ్యో, అంత పడిపోయిందా?" అంది.

ఎల్లుండి వస్తుంది. ఆ రోజు నుంచి సంకల్పం మళ్లీ మొదలు. ఈసారి లక్ష్యం మారింది: ఎలాగైనా అరవైకి దించాలి. రూల్స్ రాద్దామని కూర్చున్నాను. ఒకటి రాసి, కొట్టేసి, బజారుకి బయల్దేరాను. ఇంట్లో ఇడ్లీ రవ్వ నిండుకుంది.