నా మీదికి వచ్చిన దేవుడు

1949 మార్చి 2, కోదాడ

సూర్యాపేట డాక్టరు రిపోర్ట్ చదివి చెప్పాడు. నిరుడు పట్నంలో నా పేగులోంచి కోసి తీసిన గడ్డకు లివర్‌లో పిల్లలు పుట్టాయట. పేరు కార్సినాయిడ్. క్యాన్సర్‌కు దాయాదే కానీ నెమ్మదస్తుడు అన్నాడు. మళ్లీ ఆపరేషన్ చేయించుకోవచ్చు, బల్ల మీదే ప్రాణం పోనూవచ్చు. ముట్టుకోకుండా వదిలేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. ఉగాదిలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

మార్చి 5

బడిలో పాఠం చెబుతూ మధ్యలో లేచి పరుగెత్తాను. విరేచనాలు. పిల్లలు నవ్వలేదు, అదే బాధ.

మార్చి 9

నాకు ఆపరేషన్ వద్దు. రాసుకుంటే తేలికగా ఉంది. నొప్పి లేని రోజు చింతచిగురు పప్పు, సాయంత్రం బడి అరుగు మీద గాలి. నాకివి చాలు. నా భార్య ఆండాలుకు చాలవు. కడుపు కోయిపిచ్చుకో, ఖతం జేస్కుందాం, రోజూ నీ మొకం జూసి పరేషాన్ గాలేను అంది.

మార్చి 12

కారం తిన్నా, కల్లు తాగినా ముఖం, మెడ కుంకుమ పూసినట్టు ఎర్రబడుతున్నాయి. ఎందుకో డాక్టరుకూ తెలియదట. పంతులు పట్టపగలే తాగుతున్నాడని ఊళ్లో పేరొచ్చింది. నిజంగా పగలు తాగి ఉంటే ఆ పేరు వచ్చినా బాధ ఉండేది కాదు.

మార్చి 21

నిన్న చిలుకూరులో మా కులదేవుడు బీరప్ప పండుగ. మాది గొర్లు కాసే ఇల్లు, నేనొక్కణ్ణే బడిపంతులునయ్యాను. అన్న అంజయ్య మందను నేరేడుచర్ల పొలాల్లో వదిలి వచ్చాడు. వదిన అచ్చమ్మ దేవుడికి సాక పోసి, ప్రసాదంగా మిగిల్చిన కల్లు దొప్పలో తెచ్చి ఇచ్చింది. దాన్ని కాదనడం మా ఇంటావంటా లేదు. ఒక్క గుక్కే కదా అనుకున్నాను.

డోళ్లు మోగుతున్నాయి. ముఖం భగ్గుమంది. గుండె దడదడ, ఒళ్లంతా చెమట, కాళ్లు వణికాయి. పంతులు మీదికి బీరప్ప వచ్చిండని ఎవరో అరిచారు. నొసట పసుపు పూశారు, నడుముకు గొంగడి చుట్టారు. నేను దేవుణ్ణి కాదు, జబ్బు మనిషిని అని మొత్తుకున్నాను. దేవుడు గట్లనే మాయమాటలు చెప్తడని ఇంకా గట్టిగా మొక్కారు.

అన్న వచ్చి కాళ్ల మీద పడ్డాడు. సామీ, మా తమ్మున్ని కోతకు పంపాల్నా, ఇడిసిపెట్టాల్నా, నువ్వే జెప్పు అని ఏడ్చాడు. అన్న ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక్క మాట అంటే చాలు, ఆండాలు ఇక జన్మలో అడ్డు చెప్పదు. గుంపులో ఆమె కూడా చేతులు జోడించి నిలబడి ఉంది. ఆమెనే చూస్తూ, వద్దు, ఉన్నన్నాళ్లు ఉండనీ అన్నాను.

సిగ్గులేని పని.

మార్చి 22

ఆండాలు కంచం నా ముందు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. ఒక్కణ్ణే తిన్నాను.

మార్చి 24

మీదికి దేవుడు రాలేదని ఆండాలుకు చెప్పేశాను. కల్లు, ఎర్రదనం, అన్నీ. ఆమె జొన్నరొట్టె తిప్పుతూనే, నాకప్పుడే ఎరికైంది అంది. బీరప్ప మస్తుమందిని పూనంగ జూసిన గని, పెండ్లాం మొకం జూసుకుంట భయపడుకుంట చెప్పే దేవున్ని ఏడ జూడలే అంది. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. తర్వాత చాలాసేపు ఏడ్చింది. గంత బతిమిలాడినట్టు జూస్తివి, గసుంటోన్ని బల్ల మీద ఎట్ల పండవెడ్త, వద్దులే అంది. కల్లు మాత్రం ఇగ బందు అంది. రొట్టె మాడింది. ఇద్దరం తిన్నాం.

మార్చి 28

సూర్యాపేట వెళ్లి ఆపరేషన్ వద్దని చెప్పి వచ్చాం. అప్పుడప్పుడు వచ్చి కనబడమన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో ఆండాలు నా భుజం మీద నిద్రపోయింది. సుఖంగా ఉంది.

మార్చి 30, ఉగాది

పచ్చడిలో కారం తగిలి ముఖం మళ్లీ ఎర్రబడింది. ఆండాలు ఎదురుగా వచ్చి నిలబడి చేతులు జోడించింది. సామీ, ఇంకెన్నేండ్లు? అంది. నవ్వుతూనే అడిగింది.

ఈసారి ఆమె ముఖం చూడలేదు. చానా, అన్నాను.