రమోన్ గారు పాడని పాట

శనివారం, డబ్లిన్

ఏళ్ల తరబడి మనీలా టీవీలో పాడి, ఆడి, నవ్వించి, ఇప్పుడు ఇక్కడే ఉంటున్న యాంకర్ రమోన్ గారు గొంతు ఆపరేషన్ తర్వాత ఈరోజే మళ్లీ స్టేజీ ఎక్కారు. మాట్లాడండి, పాడొద్దు అని ఆయన గొంతు థెరపిస్టుగా నేనే చెప్పాను. ఫిలిప్పీన్స్ వాళ్లతో నిండిన హాలు “పాట! పాట!” అని అరుస్తుంటే పాడేస్తారేమోనని భయపడ్డాను. ఆయన నవ్వి, మైకు జనం వైపు తిప్పి డాన్స్ చేశారు. పాట వాళ్లే పాడారు. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత దగ్గరికొచ్చి, “గొంతు దాచుకోవడానికి ఇంట్లో గుసగుసగానే మాట్లాడుతున్నా, డాక్టర్!” అన్నారు గర్వంగా.

గుసగుసలాడితే గొంతు మరింత దెబ్బతింటుంది. పాడొద్దని ఎన్నిసార్లో చెప్పాను, ఇది ఒక్కసారైనా చెప్పానా?

“మామూలుగా మాట్లాడండి. సోమవారం గొంతులో కెమెరా పెట్టి చూద్దాం,” అన్నాను.

“అప్పుడు పాడొచ్చుగా?” అని అడిగారు. అదీ గుసగుసగానే.