వాసవాంబ కుడి కన్ను

చెన్నై, సోమవారం

ప్రియమైన మీకు,

మీ ఓడకు ఫోను అందదు కాబట్టి మెయిలు రాస్తున్నాను. శుక్లం ఆపరేషను జరిగిన అత్తయ్య కుడి కంట్లో చీము పట్టింది. జార్జి టౌన్ ఇంటికి తాళం వేసి ఇద్దరం ఆసుపత్రిలోనే ఉన్నాం. కంట్లోకి సూది మందులు ఎక్కించినా తగ్గలేదు. కంట్లోంచి తీసిన చీమును ల్యాబులో ఉంచి చూస్తే ఏ క్రిమీ పెరగలేదు. ఇన్‌ఫెక్షన్ పాకేలోగా కన్ను తీసేయడం మేలని డాక్టరు భాష్యం గారు అంటున్నారు. కంటిలోపలి ద్రవంలో జన్యువులను చదివి క్రిమి ఏదో కనిపెట్టే పరీక్ష నేను పనిచేసే ల్యాబులో ఉంది. ద్రవం ఈరోజే పంపాను, ఫలితానికి గురువారం దాకా ఆగాలి. డాక్టరు గారిని ఆగమననా? కొడుకుగా మీరు చెప్పండి.

మీ మృణాళిని

ఓడ నుంచి, మంగళవారం

ప్రియమైన మృణాళినికి,

కుళ్ళిన కాలు తీయించుకోమంటే రేపూ మాపూ అంటూనే నాన్న పోయాడు. కన్ను పోయినా నాకు అమ్మ దక్కాలి. నీ పరీక్షలోనూ ఏమీ దొరక్కపోతే? రేపే తీసేయమను.

నీ హరిచరణ్

ఓడ నుంచి, శుక్రవారం

మృణాళినీ,

జవాబు లేదు. ఇంజను గదిలో పని మీద ధ్యాస నిలవడం లేదు. అమ్మ ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

హరి

చెన్నై, ఆదివారం

ప్రియమైన మీకు,

ఏ సంగతీ తేలకుండా రాయడానికి చేయి రాలేదు. మీ మాట డాక్టరు గారికి చెప్పాను. బుధవారం ఆపరేషనుకు సంతకం పెట్టమంటే అత్తయ్య కాగితం తోసేసింది.

“ఆడ వాడు, ఈడ నువ్వు రాసుకుంటా ఉండారు. కన్ను నాది. నన్నడిగినారా?”

పరీక్ష గురించీ, మీ భయం గురించీ అంతా చెప్పాను. ఆగితే ప్రాణం మీదికి రావచ్చనీ దాచలేదు. “ఒక్క దినం ఆగతా” అంది. డాక్టరు గారు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఆ రాత్రి ఆమె నొప్పితో మూలుగుతుంటే మీ మాటే నిజమేమోనని తెల్లవార్లూ పక్కనే కూర్చున్నాను.

గురువారం ఫలితం వచ్చింది. నోకార్డియా అనే బాక్టీరియా, మట్టిలో ఉండేది. అంతకుముందు ఇచ్చిన మందులకు లొంగదట. వెంటనే మందు మార్చారు. ఈ ఉదయానికి నొప్పి తగ్గింది, చీము సగానికి దిగింది. చూపు ఎంత మిగులుతుందో తెలియదు గానీ, కన్ను తీయక్కర్లేదన్నారు.

ఇందాక అత్తయ్య ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని నావైపు తిరిగింది.

“నీ మొగం తెలీలేదు. నువ్వాడ నిలబడుండేది మాత్రం తెలస్తా ఉంది.”

మీ మృణాళిని