మార్చని తలుపు

ఏమండీ, అక్కతో ఆసుపత్రికి వెళ్తున్నాను. వంటింటి స్లైడింగ్ తలుపును సాయంత్రం దాకా లాగకండి, కింద ట్రాక్‌కి వేసిన గమ్ము ఇంకా ఆరలేదు. పాలు కాచి పెట్టాను.

మిగతా తలుపులు వేలితో తోస్తే జరుగుతున్నాయి. నా చక్రాల కుర్చీ ఎక్కడా గోడకి గీసుకోవడం లేదు. మీ ఆఫీసు గదికి మాత్రం ఆ పాత ఇరుకు తలుపే ఎందుకుందని వడ్రంగిని అడిగాను.

"ఆవిడ రాలేని గది ఒక్కటైనా ఉండాలి, దాన్ని ముట్టుకోకు అన్నారమ్మా సారు" అని అమాయకంగా చెప్పేశాడు.

పదహారేళ్ల కాపురం. ఆ మాట నాతోనే అంటే నోటి ముత్యాలు రాలిపోయేవా? తలుపు మూసుకుంటానంటే తట్టకుండా వచ్చేదాన్నా?

సరే, మీ మాటే కానివ్వండి. దాన్ని అలాగే ఉంచమన్నాను.

మరిచాను, మీ పరుపూ దిండూ ఆ గదిలోనే వేయించాను.