కప్పు మీద పూలు, కింద కార్లు

తమ్మీ బాలరాజ్, బాపు బతికినన్నాళ్లు మట్టి గణపతులను చేసిన ధూల్‌పేట్ కొట్టాన్ని పార్కింగుకు ఇయ్యనీకి నీకు మనసెట్ల ఒప్పింది? ఫోన్ చేస్తే ఎత్తుతలేవు, అందుకే ఈ కార్డు. నేను మంచిగనే ఉన్న, అమ్మను ఫికర్ పడొద్దను.

ప్రవచనానికి పిలిచినోళ్లు నిన్న డెట్రాయిట్ నడిబజారు చూపిచ్చిన్రు. ఒకప్పుడు లోకానికంత కార్లు చేసిచ్చిన ఊరు. అక్కడ ఒక పాత సినిమా హాల్ల కుర్చీలు పీకేసి కార్లు నిలబెట్టిన్రు. కప్పు మీద చేత్తోని చెక్కిన సున్నపు గచ్చు పూలు సగం ఇంకా అట్లనే ఉన్నయి, సగం రాలిపోయినయి. బాపు చెయ్యి యాదికొచ్చి కదలలేకపోయిన. “ఓదెలన్నా, మీదికి చూస్కుంట నిలబడితే కార్ల కింద పడ్తవ్” అని తోలుకపోయినాయన నవ్విండు. నాకు నవ్వు రాలే. గ్రంథంల ద్వారకను సముద్రం ముంచింది. ఇక్కడ మనుషులే ముంచుకున్నరు, రేపు మనం గూడ గంతే.

అమ్మ మోకాళ్లకు నూనె ఉన్నదా? నీ బిడ్డ వర్షిత పరీక్ష ఎట్ల రాసింది? మీ అందరి మీద స్వామి చూపు సల్లగుండాలె.

ఏటా మిగిలిన మట్టిని బాపు కొట్టం మూలన కుండల తడిపి ఉంచి, మరుసటేడు కొత్త మట్టిల కలిపేటోడు. అది ఎండితే బాపు చెయ్యి మన ఇంట్ల ఆగిపోయినట్టే. కార్డు పక్కకు పెట్టకు తమ్మీ, ఇయ్యాలనే పోయి ఆ కుండల నీళ్లు పొయ్యి.