పేర్లు చదివిన గొంతు

బందరు,
2-12-1977

అమ్మీకి జిలానీ సలాములు.

నేను క్షేమం. తుపానుకి గుడివాడలో మన ఇంటి రేకులు లేచిపోయినా గోడలు నిలిచాయని, నీకు దెబ్బలేమీ తగల్లేదని నీ ఉత్తరంలో చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఉత్తరం రాసిపెట్టిన సత్యవతమ్మగారికి నా నమస్కారాలు. ఇదీ ఆవిడే చదివి వినిపిస్తారు కదా.

వేళకి తింటున్నావా అన్నావు. తింటున్నాను. గొంతు పాఠాలు ఏమయ్యాయన్నావు. దివిసీమలో లతీఫా అక్క కబురు తెలిసిందా అన్నావు. అన్నీ చెప్తాను.

కిందటేడు ఇంటర్వ్యూలో నా జవాబు బల్లకి అవతల కూర్చున్నవాళ్ళకే వినపడక ప్రమోషన్ పోయింది కదా. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే మాణిక్యంగారింటికి వెళ్ళి నేర్చుకున్నాను. ఆవిడ మైకులు లేని రోజుల్లో పద్యనాటకాలు ఆడిన మనిషి. నా చేతికి పేపరిచ్చి, తను వీధి అవతలి అరుగు మీద కూర్చునేది. "ఊపిరి పొట్టలో నింపు నాయనా. మాట చివర మింగెయ్యకు. జనాన్ని చూసి పరుగెత్తకు" అనేది. మెల్లగా నా మాట వీధి దాటింది. ఆఫీసులో అందరూ నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు.

తుపాను తరువాత మమ్మల్ని దివిసీమలో ఒక శిబిరానికి పంపారు. అక్కడ చూసినవన్నీ నీకు రాయను. మొన్న మంగళవారం, ఊళ్ళవాళ్ళు ఆనవాలు పట్టిన చనిపోయినవారి జాబితా వచ్చింది. కరెంటు లేదు, మైకు లేదు. బడి ఆవరణలో వందలమంది నిలబడి ఉన్నారు. మా సూపరింటెండెంటు గోవర్ధనరావుగారు కాగితాలు నా చేతిలో పెట్టి, "నీ గొంతు ఇప్పుడు బాగా పలుకుతోందిగా జిలానీ, నువ్వే చదువయ్యా" అన్నారు.

సత్యవతమ్మగారూ, ఇక్కడ ఆపి అమ్మీని కూర్చోబెట్టండి. చెయ్యి పట్టుకోండి.

అమ్మీ, మన లతీఫా అక్క లేదు.

నీ దగ్గర దాచలేని మాట ఒకటుంది. బల్ల ఎక్కి చదువుతుంటే ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క మూల ఏడుపు లేస్తోంది. నేను మాత్రం, గొంతు చివరిదాకా వెళ్తోందని లోపల సంతోషపడుతున్నాను. "లతీఫా, భర్త కరీముల్లా" అని కూడా అలాగే, ఒక్క అక్షరం మింగకుండా చదివాను. ధ్యాసంతా పలకడం మీదే. అక్క పేరని తట్టలేదు. ఆ తరువాత ఇంకో రెండు పేర్లు కూడా చదివాను అమ్మీ.

అప్పుడు వెనకనుంచి ఒక పిల్ల అరిచింది. "మా అమ్మ! అది మా అమ్మ పేరు!"

ఆ గొంతు మన మైమూనాది. చేతిలో కాగితం చూసుకున్నాను. బల్ల ఎలా దిగానో తెలియదు. చిలకమ్మ అనే కూలిమనిషి చంకలో ఉంది పిల్ల. నీళ్ళొచ్చినప్పుడు తనకి చిక్కిన ఈ పిల్లని చీరకొంగుతో నడుముకి కట్టుకుని తెల్లవార్లూ తాడిచెట్టు పట్టుకుని ఉందట.

"పేరు చెప్పవే తల్లీ అంటే పది రోజులుగా నోరిప్పలేదండి. ఇప్పుడే మాటొచ్చింది. మీకేమవుతుందండి?" అంది.

"మా అక్క కూతురు" అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఆవిడ రెండుసార్లు అడిగింది.

మిగతా జాబితా గోవర్ధనరావుగారే చదివారు. అక్కని ఊరివాళ్ళు అప్పటికే మట్టి చేశారు. ఆ చోటు చూసి, ఫాతెహా చదివి వచ్చాను. బావ కబురు ఇంకా తెలియలేదు. చిలకమ్మకి దణ్ణం పెట్టి, ఏం కావాలమ్మా అంటే, "పిల్లని ఒకసారి చూపించండి చాలు" అంది. ఆవిడకీ ఎవరూ మిగల్లేదట.

ఈ ఉత్తరం మా ఆఫీసు రాంబాబు చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం మొదటి బస్సుకి మైమూనాని తీసుకుని వస్తాను. నువ్వు ఈ రెండు రోజుల్లోనే ఏడ్చెయ్యి అమ్మీ. పిల్ల గుమ్మంలోకి రాగానే గట్టిగా పిలవకు. ఎవరు గొంతెత్తినా గాలి అనుకుని చెవులు మూసుకుంటోంది. నేను దాని చెవి దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నాను. నిన్న సాయంత్రం నేను నోరుజారి నానమ్మ దగ్గరికి వెళ్దామంటే, "నానమ్మ కాదు, అమ్మమ్మ" అని నన్ను దిద్దింది.

ఇట్లు,
పిల్లని వెంటబెట్టుకుని వస్తున్న
నీ కొడుకు,
జిలానీ