పంకా ఉన్న బడి

మాక్లూర్ దగ్గరి మన ఊరు,
మే మొదటి వారం.

పెద్దబాపుకు వినీత నమస్కారాలు.

ఫోన్లో మీకు వినపడదు కాబట్టి తుకారాం ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను. మన బడిలో తొమ్మిది మంది పిల్లలే మిగిలారు. జూన్‌లోపు లెక్క ఇరవైకి చేరకపోతే మాక్లూర్ బడిలో కలిపేస్తారట. బడితోపాటు నా వాలంటీరు కొలువూ పోతుంది. కొత్త పిల్లలు వస్తారేమోనని ఆటలతో, బొమ్మలు గీయడంతో వేసవి శిబిరం పెట్టాను. మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. మూడోరోజుకు నలుగురే. మిగతావాళ్లను బీడీలకు దారం చుట్టడానికి తల్లులు ఇంట్లోనే కూర్చోబెట్టుకున్నారు. వాళ్లలో శంకరమ్మ ముఖం మీదే అడిగింది: "నీ బొమ్మలు కడుపు నింపుతయా పంతులమ్మా?"

మీరు ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా శిబిరాలు నడిపారు. దారి చెప్పండి.

మీ బిడ్డ,
వినీత

తా.క.: కుర్చీలాట పెట్టాను. బడిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. మొదటి రౌండే ఫైనల్.

*

కంఠేశ్వర్, నిజామాబాద్.

చిరంజీవి వినీతకు రాజలింగు ఆశీస్సులు.

బిడ్డా, పొద్దున ఏడు నుంచి పదింటి వరకే నడుపు. ఎండలో పరుగు పందేలు వద్దు. ఆటలు బడి వెనుక నీడలో పెట్టు. కుండలో నీళ్లు, పక్కనే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఉంచు. చిన్నవాళ్లను పెద్ద పిల్లలకు అప్పగించు. ఇవన్నీ ఒక ఎత్తు, తల్లుల నమ్మకం ఒక ఎత్తు. పిల్ల కళ్లముందు ఆడుతుంటే ఏ తల్లీ ఇంటికి పిలవదు. వాళ్లనూ రమ్మని చెప్పి గదిలో వెనుక కిటికీ దగ్గర పంకా కింద కూర్చోబెట్టు.

మీ పెద్దబాపు

తా.క.: ఈల పిల్లల చేతికి ఇవ్వకు. నేనొకడికి ఇచ్చాను. వాడిప్పుడు బస్సు కండక్టరు. ఇంకా తిరిగివ్వలేదు.

*

పెద్దబాపుకు వినీత రాస్తున్నది.

తల్లులు వచ్చారు. చాటలతో సహా వచ్చారు. తునికాకు, తంబాకు, కత్తెరలు ముందు పెట్టుకుని పంకా కింద వరుసగా కూర్చున్నారు. పిల్లలతో దారం చుట్టిస్తే ఒప్పుకోనన్నాను. "పంకా కింద చెయ్యి జోరుగ నడుస్తున్నది. పోరగాండ్లతోని మాకేం పని?" అంది శంకరమ్మ. దాంతో పిల్లలు ఇరవై ఆరుగురయ్యారు. గదిలో మాత్రం జాగా లేదు. పదింటికి శిబిరం అయిపోయిందంటే, "నువ్వు పో బిడ్డా, తాళంచెవి ఇచ్చి పో" అంటున్నారు. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకెళ్లే ఏజెంటు మహేందర్ కూడా ఇల్లిల్లూ తిరగడం మానేసి నేరుగా బడికే వస్తున్నాడు. తల్లులను ఇళ్లకు పంపించెయ్యనా?

వినీత

తా.క.: తంబాకు ఘాటుకు ప్రార్థనలో అందరూ తుమ్ముతున్నారు. తాళం మాత్రం తప్పడం లేదు.

*

చిరంజీవి వినీతకు.

ఇరవై ఆరు! ఇంకేం కావాలి? తల్లులను కదిలించావంటే పిల్లలూ పోతారు. ఇంకొందరిని పిలువు. ముగింపు రోజున విద్యాశాఖ ఆఫీసరును రప్పించు. కాగితం మీది పేర్లను ఎవరూ నమ్మరు, నిండిన గదిని నమ్ముతారు. ఆరోజు గదిలో కాలు పెట్టే జాగా కూడా ఉండొద్దు.

మీ పెద్దబాపు

తా.క.: ఆఫీసరుకు చాయ్ పొగలు కక్కేలా ఇవ్వు. అది చల్లారేదాకా కదలడు.

*

పెద్దబాపుకు నమస్కరించి వినీత తెలియజేయునది.

మీరు చెప్పినట్టే గది నిండింది. నలభై మంది తల్లులు, నలభై చాటలు. పిల్లలు బడి వెనుక నీడలో ఆడుతున్నారు. ఆఫీసరు గుమ్మంలోనే ఆగి రెండుసార్లు తుమ్మారు.

"కార్ఖానా నుంచి వచ్చినవా సారూ?" అని శంకరమ్మ అడిగింది.

నేను ఆయనను బడి వెనక్కి తీసుకెళ్లి పిల్లలను చూపించాను. "ఆటలకు వచ్చిండ్రు, మంచిదే. బడిల చేరుస్తరా అడుగుదాం" అన్నారు. మళ్లీ లోపలికి వచ్చి తల్లులను అడిగారు.

"ఈడ కూసుండనీకె మాకే జాగ లేదు సారూ. పోరగాండ్లను మాక్లూర్ బడికి పంపుతం" అంది శంకరమ్మ. మిగతావాళ్లు తలెత్తకుండానే "అవును సారూ" అన్నారు. ఒక్కరి చెయ్యీ ఆగలేదు.

చాయ్ చల్లారేలోగా ఆయన రిపోర్టు రాసేశారు. జూన్‌లో బడి మాక్లూర్‌లో కలిసిపోయింది. గదిని పంచాయతీ వాళ్లు మహేందర్‌కు కిరాయికిచ్చారు.

మీ బిడ్డ,
వినీత

తా.క.: మహేందర్ నన్ను లెక్కలు రాసే పనిలో పెట్టుకున్నాడు. పిల్లలు కనిపిస్తే బాలకార్మికుల కేసవుతుందని, మొదటిరోజే తలుపు మీద బోర్డు రాయించాడు: "పిల్లలు లోపలికి రాకూడదు." నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయట.